మకస్సర్‌లో ఒక గుల్తోమ్ కావాలి

విమానం మకస్సర్‌లో దిగి ఇంకా పరుగు ఆపనే లేదు, తియోలినా ఫోన్ ఆన్ చేసేసింది. తలుపులు తెరిచేదాకా ఆగమని చెప్పిన మాట ఆమె చెవిన పడకపోలేదు. చెవిన పడ్డ మాటలన్నీ పాటించే అలవాటు ఆమెకు లేదు, అంతే. తెర మీద కొడుకు పేరు వరసగా కనిపించింది. ఎల్లుండి పెళ్ళి పెట్టుకున్నవాడు అన్నిసార్లు ఫోన్ చేశాడంటే అది మంచి కబురు చెప్పడానికి కాదని ఆమెకు అర్థమైంది.

తియోలినా అన్న పేరు ఆమె బాప్తిస్మం కాగితంలో ఉంది గానీ పిలుపులో లేదు. పార్లిన్ పుట్టినప్పటినుంచీ లోకానికంతటికీ ఆమె పార్లిన్ తల్లి. మొగుడు జమోతన్, పార్లిన్ తండ్రి. బతాక్ జనంలో పిల్లలు పుట్టగానే పెద్దల పేర్లు అటకెక్కుతాయి. ఆమెను ఇప్పటికీ "తియో" అని పిలిచే మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ ఈమధ్య మాట మానేశాడు.

"అమ్మా, గుల్తోమ్ గారు తప్పుకున్నారు," అన్నాడు పార్లిన్ సొరోంగ్ నుంచి.

"తప్పుకోవడమేంట్రా? పోయిన వారమే కదా సరేనన్నాడు!"

"మీ మేనమామ నిక్షేపంలా బతికున్నాడటగా, ఆయన మాట లేకుండా ఆయన పీట మీద నేనెలా కూచుంటానయ్యా అన్నాడు. ఎవరో చెప్పేశారమ్మా ఆయనకి."

"చెప్పినవాడి నోట్లో మిరపకాయలు కుక్క! ఇంకో గుల్తోమ్ లేడా అక్కడ?"

"సొరోంగ్‌లో ఉన్నదే ఒక్క గుల్తోమ్ కదమ్మా. మిగతా బతాక్ వాళ్ళంతా వేరే ఇంటిపేర్లు."

పెళ్ళికూతురు యోసీనా బియాక్ దీవి పిల్ల. నవ్వితే ఫోన్ తెర నిండిపోతుంది. తియోలినాకు ఆ పిల్ల మీద ఏ ఫిర్యాదూ లేదు, ఇంటిపేరు లేకపోవడం తప్ప. బియాక్ ఇంటిపేరు ఉందనుకోండి, బతాక్ ఇంట్లో కోడలిగా అడుగు పెట్టడానికి అది చాలదు. పెళ్ళికొడుకు మేనమామ, ఆయన భార్యా ఆ పిల్లను తమ మధ్య కూచోబెట్టుకుని, ఉలోస్ వస్త్రం కప్పి, తలమీద బియ్యం వేసి, ఈమె మా కూతురని పదిమంది ముందూ చెప్పాలి. అప్పుడు ఆమె మేనమామ కూతురవుతుంది. మేనమామ కూతుర్ని చేసుకుంటే నోరెత్తేవాడు ఉండడు. అది జరక్కపోతే చర్చిలో పెళ్ళి పెళ్ళే, సర్కారు లెక్కలోనూ పెళ్ళే. కానీ ఊళ్ళో ఏ శుభకార్యానికెళ్ళినా ఆ పిల్ల ఎక్కడ కూచోవాలో ఎవరికీ తెలియదు. రేపు పుట్టే పిల్లలకి తల్లివైపు చెప్పుకోడానికి ఒక్క మనిషి ఉండడు. ఇంతే సంగతి. ఇంతకన్నా పెద్ద సంగతి తియోలినాకు ప్రస్తుతం ఈ ప్రపంచంలో లేదు.

అసలు మేనమామ లేకనా అంటే, ఉన్నాడు. సహాలా గుల్తోమ్, తియోలినాకు సొంత అన్న. ఆయన లేకపోతేనే అదే ఇంటిపేరున్న, అన్నదమ్ముడి వరస మనిషి ఎవరైనా ఆ పీట మీద కూచోవచ్చు. చిక్కల్లా ఆయనకో కూతురు ఉండటం దగ్గరొచ్చింది. ఆ లాస్మాను పార్లిన్‌కేనని చిన్నప్పటినుంచీ అనుకున్నారు. వేరే పిల్లను చేసుకోదలచినవాడు మేనమామ ఇంటికెళ్ళి, వండిన మాంసం పళ్ళెం ఆయన ముందు పెట్టి, "మామా, నాకు సెలవియ్యి" అని నోటితో అడగాలి. పార్లిన్ ఆ మాట ఫోన్లో చెప్పాడు. లాస్మాకు మనసులో వేరేవాడున్నాడు గనక ఆమె ఎగిరి గంతేసింది. కోపమంతా తండ్రికే మిగిలిపోయింది. "ఫోన్లో చెప్పే మాటా ఇది?" అని ఆయన ఫోన్ పెట్టేశాడు. చెల్లెలు చేస్తే, పెళ్ళికి రానని చెప్పి మళ్ళీ పెట్టేశాడు. ఆ తర్వాత ఆమె ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

జమోతన్‌కు ఈ ఊళ్ళో దొరికే ఖాళీ మీద వేరే ఆశలున్నాయి. సొరోంగ్ విమానం సాయంత్రానికి గాని లేదు. ఈ ఊరి మాంసం పులుసు కోతో వేడి వేడిగా రెండు గిన్నెలు తాగి, లోసారి ఒడ్డున కూచుని, కాల్చిన అరటిపండు తింటూ సముద్రం చూడాలని మెడాన్‌లో బయల్దేరినప్పటినుంచీ అనుకుంటున్నాడు. భార్య మొహం చూశాక కోతో ఊసెత్తలేదు.

"ఈ ఊళ్ళో ఒక గుల్తోమ్‌ని పట్టుకుని సాయంత్రం విమానం ఎక్కిస్తా," అంది తియోలినా.

"చేపల బజారనుకున్నావా, వెళ్ళి పట్టుకొచ్చెయ్యడానికి?"

"బతాక్ వాడు లేని ఊరు చూపించు నాకు."

"ఉంటాడే. ఉన్నా, మీ అన్న సంగతి అడగడూ? అడిగితే ఏం చెప్తావ్?"

ఆమె దగ్గర జవాబు తయారుగానే ఉంది గానీ మొగుడికి చెప్పదగ్గది కాదు. "సామాను చూస్తూ ఉండు. నిద్రపోకు," అని ఉలోస్ ఉన్న సంచీ మాత్రం భుజాన వేసుకుని బయటికి నడిచింది. అట్టపెట్టెల మధ్య జమోతన్ గద్దె మీద రాజులా ఒంటరిగా మిగిలాడు.

బయట ఎండ మొహం మీద కొట్టింది. టాక్సీ డ్రైవరు దాయెంగ్ తొంపో ఆమె చేతిలో సూట్‌కేసు లేకపోవడం చూసి, మధ్యలో ఆగిన ప్రయాణికురాలని పసిగట్టేశాడు.

"కోట చూపించనా అమ్మా, లోసారి తీరానికి పోనివ్వనా? సాయంత్రానికి వెనక్కి తెచ్చేస్తా."

"బతాక్ వాళ్ళుండే చోటికి పోనియ్యి."

"దానికి నేనెందుకు? టైరు పేల్చుకుంటే వాళ్ళే వస్తారు!" అని పగలబడి నవ్వాడు. "పంక్చర్లేసేవాళ్ళు, లేకపోతే కోర్టులో అరిచేవాళ్ళు. మాకు తెలిసిన బతాక్‌లు ఈ రెండు రకాలే. ఏ రకం కావాలి మీకు?"

"ఇంటిపేరు గుల్తోమ్ అయితే ఏ రకమైనా సరే," అంది తియోలినా. నవ్వు వచ్చింది గానీ నవ్వలేదు.

దాయెంగ్ తొంపో ఆమెను ఒక సందు మొదట్లో దింపాడు. సందు చివర బతాక్ పూటకూటిల్లు ఉంది, పంది మాంసం వండేది. "నేనిక్కడే ఉంటానమ్మా. ఆ వాసన నా బండికి అంటించుకురాకండి," అన్నాడు ముక్కు ముడుచుకుంటూ. తియోలినాకు మాత్రం ఆ వాసన తగలగానే సగం బలం వచ్చింది.

లోపల గోడకు ఆనుకుని ఒక తెల్లజుట్టాయన పులుసు జుర్రుకుంటున్నాడు. పళ్ళు లేవు గనక మాంసం పక్కకు నెట్టేసి పులుసుతోనే కాలక్షేపం చేస్తున్నాడు. తియోలినా గుమ్మంలో నిలబడి, సంతలో అరిచినట్టు అరిచింది.

"ఇక్కడ గుల్తోమ్ ఇంటిపేరువాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"ఎందుకంత గొంతు? ముసలితనం పళ్ళకి గాని చెవులకి రాలేదు నాకు," అన్నాడు ముసలాయన. "నేను గుల్తోమ్‌నే. నువ్వెవరు?"

"నేనూ గుల్తోమ్ ఆడపడుచునే. అంబరితా ఇంటిపేరువాళ్ళ కోడల్ని."

ఇక మొదలైంది. ఏ ఊరు, ఏ శాఖ, ఎవరి కొడుకు ఎవరు. మూలపురుషుడి దగ్గర్నుంచి ఎన్నో తరం. ఆ సంఖ్య ఒకటి తేలితే వరస తేలినట్టే. వయసుకి అక్కడ విలువ లేదు.

"పదిహేను," అంది తియోలినా ఆశగా.

ముసలాయన చెంచా కింద పెట్టాడు. బల్ల పట్టుకుని, మోకాళ్ళు టకటకలాడుతుంటే మెల్లిగా లేచి నిలబడ్డాడు. "నేను పదిహేడమ్మా. మనవణ్ణి నీకు. కూచో అవ్వా, కూచో. ఎండలో వచ్చావ్, నీళ్ళు తాగు."

డెబ్బై దాటిన మనవడు ఇచ్చిన నీళ్ళు యాభై ఆరేళ్ళ అవ్వ తాగింది. మనవడి వరస మనిషి కొడుక్కి పిల్లనెలా ఇస్తాడు? వరస తప్పిన మేనరికం ఊళ్ళో ఎవరైనా వింటే కొంప మునుగుతుంది. పెళ్ళి సంగతి విని ముసలాయన కూడా చెంపలేసుకున్నాడు.

"నేను పనికి రాను గానీ, మా తాత పనికొస్తాడు. రేవు రోడ్డులో టైర్లకి అతుకులేస్తుంటాడు."

"మీ తాతా? బతికే ఉన్నాడా?"

"ఇరవై ఎనిమిదేళ్ళవాడు చావడమేమిటి అవ్వా, అమంగళం!"

దాయెంగ్ తొంపోకి ఈ సంగతి చెబితే అతను స్టీరింగు మీద కొట్టుకుంటూ నవ్వాడు. "చెప్పానా, చివరికి టైర్ల దగ్గరికే తేలుతుందని!" అంటూ బండి తిప్పాడు. తియోలినా వినలేదు. పెదాలు కదుపుతూ ఒకే ఒక్క మాట వల్లె వేసుకుంటోంది. మా అన్న పోయాడు. మా అన్న పోయాడు. రెండు సార్లు పైకే అనేసింది, అలవాటు కావాలని.

రేవు రోడ్డులో చెట్టుకి వేలాడదీసిన పాత టైరే ఆ దుకాణం బోర్డు. తోగర్ గుల్తోమ్ ఒక లారీ చక్రం విప్పి దాని మీద కూచుని ఉన్నాడు. వెనక రేకుల గది ముందు అతని తల్లి ఆకువక్క నూరుకుంటోంది. తియోలినా లారీ శబ్దం మీద అరిచి ఇంటిపేరు చెప్పింది. అతను గాలి మిషను ఆపాడు.

"ఎన్నో తరం?"

"పదిహేను."

"నేనూ పదిహేనే!" తోగర్ చక్రం మీంచి లేచి, నల్లటి చేతులు లాగుకి తుడుచుకుని, మళ్ళీ వాటినే చూసుకుని నవ్వాడు. "అక్కా! అమ్మా, చూడు, నాకో అక్క దొరికింది. ఇన్నాళ్ళూ మకస్సర్ మొత్తానికి ఈ తరంవాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నా. ఆ ముసలోడు నన్ను తాతా అని పిలుస్తుంటే సిగ్గేస్తుంది!"

తియోలినా పెళ్ళి సంగతి చెప్పింది. పిల్లకి తండ్రిగా నిలబడాలని, సాయంత్రమే బయల్దేరాలని, భార్యాభర్తలిద్దరికీ టికెట్లు కొడుకు తీస్తాడని చెప్పింది. తోగర్‌కి పోయిన ఏడే పెళ్ళయింది. ఊళ్ళో ఏ కార్యం జరిగినా చివరి వరసలో కూచోబెట్టి నీళ్ళు మొయ్యమనే వయసు అతనిది.

"పెళ్ళికూతురు వయసెంత?"

"ఇరవై ఆరు."

"నాకన్నా రెండేళ్ళు చిన్నదేగా. పర్లేదు, తండ్రినే," అని లోపలికి కేకేశాడు. "ఏమేవ్, నా తెల్లచొక్కా తియ్యి! మన కూతురికి పెళ్ళి!"

అతని భార్య కంగారుగా తొంగిచూసి, సంగతి విని, ఇస్త్రీపెట్టె కోసం లోపలికి పరిగెత్తింది. అంత సులువుగా అయిపోయింది. తియోలినా ఊపిరి వదిలింది. అప్పుడు ముసలావిడ ఆకువక్క బుగ్గన పెట్టుకుని, అందరూ అడిగే ప్రశ్నే అడిగింది.

"నీకు తోడబుట్టిన మగపిల్లవాడు లేడా అమ్మా?"

"ఉండేవాడమ్మా. పోయాడు."

మాట బయటికొచ్చింది. బానే వచ్చింది, గొంతు కూడా తగినంత తగ్గింది. దారంతా వల్లె వేసిన ఫలితం.

"అయ్యో నా తల్లీ! ఏం పేరు?"

"సహాలా."

"ఎలా పోయాడు?"

"గుండె... గుండెపోటు."

"ఆఖరి ఉలోస్ ఎవరు కప్పారు? మేనమామ వాళ్ళొచ్చారా?"

ఇది తియోలినా వల్లె వెయ్యలేదు. బతాక్ వాళ్ళలో చావు ఒక్క మాటతో పోయేది కాదని, ఎవరు కప్పారు, ఎవరు మోశారు, ఏ మాంసం ముక్క ఎవరికి పంచారు అని లెక్కంతా ఉంటుందని ఆమెకు తెలియదా? తెలుసు. తొందరలో మరిచిపోయింది. "వచ్చారమ్మా," అని నీళ్ళు నమిలింది.

ముసలావిడ అంతకన్నా అడగలేదు. నోట్లో ఆకు ఉమ్మేసింది. భుజం మీది గుడ్డ తీసి తలమీద వేసుకుంది. సహాలా పదిహేనో తరం, ఆమె మొగుడు పద్నాలుగు. అంటే పోయినవాడు ఆమెకు కొడుకు. కొడుకు పోయిన కబురు ఎంత ఆలస్యంగా తెలిసినా, ఎన్ని సముద్రాల అవతల తెలిసినా, తల్లి ఏడవాలి. ఆమె ఏడవడం మొదలుపెట్టింది.

అది మామూలు ఏడుపు కాదు, రాగం తీసి పాడే శోకం. ఈకాలంలో అది వచ్చినవాళ్ళు తక్కువ. "నేను పాలివ్వని నా బిడ్డా, సహాలా... నీ మొహం చూడకముందే నా ముందు నడిచి పోయావా... ఇంటి దూలం విరిగింది, ఆ చప్పుడు నాకు వినపడలేదే..." లారీ డ్రైవరు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. తోగర్ తల వంచుకున్నాడు. ఎదురు కొట్టువాడు రేడియో కట్టేశాడు.

తియోలినా కూడా తల వంచింది. మొదట్లో ఆమెకు ఊరటగానే ఉంది. ఇంత బాగా నమ్ముతున్నారు కదా అనుకుంది. ఈ ఏడుపయ్యాక సంచీలో ఉలోస్ చూపించొచ్చు, మధ్యాహ్నానికల్లా విమానాశ్రయం చేరొచ్చు అని కూడా అనుకుంది. ముసలావిడ గొంతు ఇంకో మెట్టు ఎక్కింది.

"చెల్లెలు గుమ్మంలోకొస్తే ఇంక తలుపెవరు తీస్తార్రా నాయనా... కడుపుతో ఉన్న చెల్లెలికి తలా తోకా చెదరని చేప వండి ఎవరు తెస్తార్రా నాయనా..."

పార్లిన్ కడుపులో ఉన్నప్పుడు చేప తెచ్చింది సహాలాయే. నాన్న అప్పటికే పోయాడు. పుట్టింటివాళ్ళు ఎర్రచేప ఒకటి, చెక్కు చెదరకుండా నిండుగా వండి తెచ్చి కడుపుతో ఉన్న ఆడపిల్లకు పెట్టాలి, పుట్టబోయే బిడ్డ కూడా ఏ లోటూ లేకుండా నిండుగా ఉండాలని. అన్న వానలో బస్సు దిగి, గిన్నెను చొక్కా కింద దాచుకుని, తను తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడ్డాడు. "తియో, పళ్ళెం పట్రా," అన్నాడు. తియోలినాకు ఆ గొంతు ఇప్పుడు పక్కనుంచి విన్నట్టే వినపడింది. భయమేసింది. అన్న నిజంగా చచ్చిపోయినట్టే భయమేసింది.

"ఆపమ్మా! ఆపు! మా అన్న బతికే ఉన్నాడు!"

రాగం గొంతులోనే తెగింది. ముసలావిడ గుడ్డ పైకెత్తి చూసింది.

"ఏంటీ?"

"బతికే ఉన్నాడమ్మా. ఈపాటికి వాకిట్లో కూచుని కాఫీ తాగుతుంటాడు. నా మీద అలిగాడు. పెళ్ళికి రానన్నాడు. నేనే చంపేశాను," అని తియోలినా చక్రం మీద కూలబడి భోరుమంది. ఆమె ఏడుపులో రాగమేమీ లేదు.

తోగర్ భార్య చొక్కా పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. తోగర్ ఆ చొక్కా వంకే చూశాడు గానీ తీసుకోలేదు.

"తప్పక్కా. ఇది చాలా తప్పు. ఖాళీ పీట అయితే కూచునేవాణ్ణి. ఆయన ఉండగా ఆ పీట మీద కూచుంటే రేపు మావాళ్ళు నన్ను ఊరి పొలిమేర తొక్కనిస్తారా?" అతని గొంతులో కోపం కన్నా దిగులే ఎక్కువగా ఉంది. కాసేపటి క్రితమే వచ్చిన పెద్దరికం కాసేపట్లోనే పోయింది.

ముసలావిడ మాత్రం కళ్ళు తుడుచుకుని చెయ్యి చాపింది. "నెంబరియ్యి."

"ఎవరిదమ్మా?"

"నా కొడుకుది. గొంతు చించుకుని ఏడిస్తే బతికున్నాట్ట. ఊరికే పోనిస్తానా!"

"నా ఫోన్ ఎత్తడమ్మా."

"నీది ఎవడికి కావాలి? తోగరూ, నీ ఫోన్లో కొట్టు. గట్టిగా వినపడేట్టు పెట్టు."

తెలియని నెంబరు గనక సహాలా ఎత్తాడు. "ఎవరు?"

"నీ తల్లినిరా."

"మా అమ్మ పోయి చాలా ఏళ్ళయిందండీ."

"ఆవిడ కాదు. వరసకి తల్లిని. మకస్సర్‌లో ఉంటాను. నువ్వు పదిహేనో తరం కదా? నా మొగుడు పద్నాలుగు. ఇప్పుడు చెప్పు, ఏమవుతాను నీకు?"

పొగరున్న మనిషే సహాలా. కానీ తల్లి వరస తేలాక ఫోన్ పెట్టెయ్యడానికి అతనికి చెయ్యి రాలేదు. "తల్లివే అవుతావమ్మా," అన్నాడు ఒప్పుకోలుగా. "ఏం కావాలి?"

"నువ్వు చచ్చిపోయావన్నారు. ఏడుస్తున్నా. సగంలో ఉండగా బతికున్నావన్నారు. ఈ శోకం సగంలో ఆపకూడదు, తెలుసా నీకు? పూర్తి చెయ్యాలంటే నువ్వు చావాలి. వద్దంటే ఆ పిల్లకి పేరియ్యాలి. ఏది చేస్తావో చెప్పు, నాకవతల పొయ్యి మీద అన్నం ఉంది."

అలాంటి ఆచారం ఉన్నట్టు తోగర్ ఎన్నడూ వినలేదు. తల్లి మొహం చూసి నోరు మూసుకున్నాడు.

"నేను చచ్చానని ఎవరు చెప్పారమ్మా?" అన్నాడు సహాలా.

ముసలావిడ ఫోన్ తియోలినా చేతిలో పెట్టింది.

"అన్నా," అంది తియోలినా.

"తియో?" వెనక ఎక్కడో కోడి కూస్తోంది. "నన్ను చంపేశావా నువ్వు?"

"నువ్వు రానని ఫోన్ పెట్టేసిన రోజున నాకు అన్న లేడనే అనిపించింది. అదే చెప్పాను."

"నోరెలా వచ్చిందే?"

"రాలేదు. దారంతా వల్లె వేసుకున్నాను."

మళ్ళీ కోడి కూసింది. తోగర్, అతని భార్య, లారీ డ్రైవరు ఫోన్ దగ్గరికి జరిగి వింటున్నారు.

"ఏమని ఏడ్చింది ఆవిడ?" అన్నాడు సహాలా చివరికి.

"చెల్లెలికి తలా తోకా చెదరని చేప ఇంకెవరు తెస్తారని."

ఈసారి కోడి కూడా కూయలేదు. తర్వాత సహాలా గొంతు వేరేగా వచ్చింది, చాలా మెల్లిగా.

"తియో, ఆ చేప తోక విరిగిపోయింది. బస్సులో. నీకు చెప్పలేదు. విరిగిన చోట మసాలా దట్టంగా కప్పేసి తెచ్చాను. ఇన్నేళ్ళూ... పార్లిన్‌కి జ్వరం వచ్చినప్పుడల్లా ఆ తోకే గుర్తొచ్చేది నాకు."

"చూశాన్లే," అంది తియోలినా.

"చూశావా?"

"పళ్ళెంలో పెట్టగానే చూశాను. చూసే తిన్నాను. నిండుగానే ఉందది."

ముసలావిడ ఆకువక్క డబ్బా వెతుక్కుంటున్నట్టు మొహం పక్కకి తిప్పుకుంది. సహాలా గొంతు సవరించుకున్నాడు. మాట్లాడినప్పుడు మళ్ళీ పాత సహాలా అయిపోయాడు.

"సొరోంగ్‌లో మన ఇంటిపేరువాడు ఒకడున్నాడటగా, వాడి నెంబరు పంపు. నా బదులు వాణ్ణి కూచోమని చెప్తాను. బదులు మాత్రమే. పిల్ల నా కూతురు, వాడి కూతురు కాదు. లాస్మాకి చెల్లెలు. ఆ మాట పదిమంది ముందూ గట్టిగా చెప్పమను."

"ఫోన్లోనా అన్నా చెప్తావ్?"

"ఫోన్లోనే. ఇంకెక్కణ్ణించి చెప్పనూ, నన్ను మకస్సర్‌లో పాతేశాక!"

లారీ డ్రైవరు ముందు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. తియోలినా నవ్వుతూనే ఇంకా ఏడుస్తోంది, ఆపడం ఆమె వల్ల కాలేదు. ముసలావిడ లోపల్నించి దోసెడు బియ్యం తెచ్చి కొన్ని ఆమె తలమీద వేసింది. మిగతావి గుడ్డలో మూటకట్టి సంచీలో పడేసింది. "తిరిగెళ్ళాక వాడి తలమీద వెయ్యి. బతికున్నవాడికి ఏడ్చాం, వాడి ప్రాణం బెదిరి ఉంటుంది. తల్లి పంపిందని చెప్పు."

తోగర్ ఆ తెల్లచొక్కా ఊరికే పోనివ్వలేదు. నూనె చేతులు కడుక్కుని, తొడుక్కుని మరీ టాక్సీ దాకా వచ్చాడు. "కూతురు చేతిదాకా వచ్చి పోయిందక్కా. అయినా ఆ పిల్లకి చెప్పు, మకస్సర్‌లో చిన్నాన్న ఉన్నాడని. విమానం మారేటప్పుడు ఇంటికి రమ్మను."

దాయెంగ్ తొంపో అద్దంలో ఆమె ఎర్రటి కళ్ళు చూసి, ఏమీ అడక్కుండా సముద్రం పక్క రోడ్డు మీంచి పోనిచ్చాడు. లోసారి ఒడ్డున ఒక్క నిమిషం ఆపాడు. తియోలినా దిగలేదు. కాల్చి అదిమిన అరటిపళ్ళు, పైన తాటిబెల్లం పాకం పోసినవి, పొట్లం కట్టించుకుంది. కిటికీలోంచి సముద్రం కనబడింది, ఎక్కడైనా ఉండేలాంటి సముద్రమే. సొరోంగ్ అతనితో అన్న మాట్లాడాడని, ఆయన సరేనన్నాడని పార్లిన్ నుంచి ఫోన్ వచ్చేసరికి బండి విమానాశ్రయం దారి పట్టింది. ఫోన్లో పార్లిన్ పక్కనుంచి యోసీనా ఏదో అడుగుతోంది. "నాన్న పేరు ఎలా పలకాలి అమ్మా?" అని.

జమోతన్ అట్టపెట్టెల మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు. పొట్లం ముక్కు దగ్గర పెట్టగానే లేచాడు. అరటిపండు చూసి సగం సంతోషించాడు, భార్య ఒక్కతే ఉండటం చూసి మిగతా సగం ఆపుకున్నాడు.

"దొరకలేదా మనిషి?"

"దొరికాడు."

"గుల్తోమేనా?"

"గుల్తోమే."

"వరస కుదిరిందా?"

"కుదిరింది."

జమోతన్ అరటిపండు కొరికి, పాకం చేతికి కారకుండా నాక్కుంటూ, ఎవరైనా అడిగే మాటే అడిగాడు. "ఏ శాఖ? ఎవరి కొడుకు?"

తియోలినా అతని పక్కన పెట్టె మీద కూచుని, జుట్టులో ఇరుక్కున్న బియ్యపు గింజ తీసి చేతిలో పెట్టుకుంది.

"మా నాన్న కొడుకే," అంది.